పదకొండో భాగంలో చనిపోయిన ఆజీ

రేడియో స్టేషన్లో సత్యానంద్ ఎర్రసిరా కలం మూత తీసి, ఇంగ్లిషు పుస్తకంలో ఒకే ఒక్క వాక్యం కింద గీత గీశాడు. తర్వాత బిసేసర్ నోటుబుక్కు ముందుకి లాక్కుని, అందులో పేజీన్నర మీద ఈ మూల నించి ఆ మూలకి ఇంకో గీత గీశాడు.

"ఇది ఒక్క వాక్యం. ఇది పేజీన్నర. తప్పెక్కడుందో నన్ను చెప్పమంటావా, నువ్వే చెబుతావా?"

బిసేసర్ ఆ ఎర్రగీత వంక చూశాడు. ఆ పేజీన్నర రాయడానికి అతనికి పన్నెండు రోజులు పట్టింది. మా దీవిలోని మలావు రేవులో చక్కెర ఓడలకి మోకులు కట్టే మనిషి అతను. ఆరో తరగతితో బడి మానేశాడు. రేవుకొచ్చిన నావికులు చదివి పారేసిన పుస్తకాలు, అట్టలు చిరిగినవి, ఉప్పునీళ్ళకి ఉబ్బినవి, మోకుల షెడ్డులో ఒక చెక్కపెట్టె నిండా ఉండేవి. వాటిలో దొంగలవీ ప్రేమలవీ తోటివాళ్ళు పొయ్యిలోకి వాడుకున్నారు. చుక్కల్లోకి వెళ్ళే ఓడలవీ, రాబోయే కాలంవీ, లేని లోకాలవీ బిసేసర్ ఇంటికి మోసుకుపోయాడు. నిఘంటువు పక్కన పెట్టుకుని ఇరవై రెండేళ్ళలో తొమ్మిది పుస్తకాలు మా మాటలోకి దించాడు. మా మాటంటే పుస్తకాల హిందీ కాదు, మా లంబాసా ఊరి బజారులో వంకాయలు బేరమాడే మాట. ఆ తొమ్మిదీ నోటుబుక్కుల్లోనే ఉండిపోయాయి. విన్నది అతని భార్య ఫూల్‌మతి ఒక్కతే.

పదోది మాత్రం రేడియోకి ఎక్కింది. ప్రతి గురువారం సాయంత్రం అరగంట, మొత్తం పదమూడు భాగాలు. భూమిని వదిలి ఆరు తరాల పాటు ప్రయాణం చేసే ఆకాశ ఓడ కథ. బిసేసర్ రాసేవాడు, స్టేషన్లో సత్యానంద్ చదివేవాడు. "సమర్పణ సత్యానంద్" అని మొదట ఒకసారి, చివర ఒకసారి వినబడేది. రాసిన మనిషి పేరు పదకొండు వారాల్లో ఒక్కసారీ వినబడలేదు. అంతవరకూ బిసేసర్ నోరు మూసుకునే ఉన్నాడు.

"చెప్పు," అన్నాడు సత్యానంద్. "ఇంగ్లిషులో ఏముంది? 'ముసలి మార్తా తొమ్మిదో తారీకున చనిపోయింది, ఓడ సాగిపోయింది.' అంతేగా? దీనికి మరణ ప్రకటన ఎందుకు తగిలించావు?"

"వాళ్ళకి ఆ ఒక్క వాక్యంతో ముసలిది చచ్చిపోతుందండీ. మనకి చావదు."

"చావదా?"

"సాయంత్రం ఆరున్నరకి రేడియోలో పేరొచ్చేదాకా మన దగ్గర ఎవడు చచ్చాడు చెప్పండి. మా నాన్న పోయిన రోజు శవం ఇంట్లో ఉంది, మా అమ్మ ఏడవలేదు. రేడియోలో ఆయన పేరు చదివారు, అప్పుడు ఏడ్చింది. మీరు చదివే ఆ ప్రకటన లేకపోతే వినేవాడికి ఆ ముసలిది ఎక్కడికో పొరుగూరికి వెళ్ళినట్టుంటుంది. అందుకని రాశాను. తప్పు రాయలేదు."

అసలు సంగతి ఇది. కథలో విదేశీ పేర్లొద్దు, మన పేర్లు పెట్టు అని మొదటి వారమే హుకుం జారీ చేసింది సత్యానందే. మార్తాకి పేరు కోసం బిసేసర్ చాలా వెతికి, చెరకు తోటల్లో పనికి ఒప్పందం రాసి ఓడల్లో వచ్చిన గిర్మిట్ కూలీల కాలంతోనే అంతరించిపోయిందనుకున్న పాత పేరొకటి పెట్టాడు. లఖ్‌పతియా. ఓడలో ఆమె ఉండే అంతస్తుని మూడో లైను అన్నాడు. పదకొండో భాగంలో ఆమె పోయింది. ప్రకటన అచ్చం మా రేడియోలో వచ్చినట్టే రాశాడు.

"తీవ్ర విచారంతో తెలియజేయడమేమనగా, మూడో లైను నివాసి శ్రీమతి లఖ్‌పతియా ఈ తెల్లవారుజామున కాలం చేశారు. ఆమెకి వెనక ఎవరూ లేనందున ఓడ వారందరూ ఆమె బిడ్డలే. అంతిమయాత్ర రేపు మధ్యాహ్నం రెండు గంటలకి బయలుదేరును. బంధుమిత్రులు దీనినే స్వయంగా వచ్చి పిలిచినట్టు భావించవలెను."

రోజూ మరణ ప్రకటనలు చదివే గొంతే ఇది కూడా చదివింది. అదే నెమ్మది, అదే బరువు. రేడియో పక్క గదిలో మోగుతుంటే కూర తరుగుతూ విన్నవాళ్ళకి ఒక్క పేరు చాలు. మిల్లు వెనక పాత కూలీ ఇళ్ళ వరసల్లో నిజంగానే ఒక మూడో లైను ఉంది. అక్కడ ఎనభై నాలుగేళ్ళ లఖ్‌పతియా ఆజీ, ఆ లైను పిల్లలందరికీ నానమ్మ, బతికే ఉంది. 'ఓడ వారందరూ' అన్న మాట విన్నవాళ్ళకీ అనుమానం రాలేదు. మా తాతలందరూ ఓడ దిగినవాళ్ళే, ఒకే ఓడలో వచ్చినవాళ్ళు ఒకరికొకరు చుట్టాలే కదా.

మర్నాడు మధ్యాహ్నానికి డెబ్భై మంది పూలదండలతో, టీపొడి పొట్లాలతో, చక్కెరతో ఆ లైనులోకి దిగారు. ఆజీ పెద్దకొడుకు రామ్‌ధనీ చెరకు కొట్టే ముఠాకి పెద్ద, సర్దారు అంటారు. వాడు పొలం నుంచి వచ్చేసరికి ముంగిట్లో లారీ నించి బెంచీలు దించుతున్నారు. అమ్మ వసారాలో కూర్చుని కందికాయలు ఒలుస్తోంది.

"రామ్‌ధనీ కోర్టుకెళ్తానంటున్నాడు," అన్నాడు సత్యానంద్. "నలుగురు కొడుకులున్న తల్లికి వెనక ఎవరూ లేరని రేడియోలో చెప్పిస్తారా అని స్టేషన్‌కొచ్చి బల్ల గుద్దాడు. ఇదిగో, కాయితం తయారు చేశాను. రేపు నువ్వే వచ్చి చదవాలి. చదివితే మిగతా రెండు భాగాలూ వస్తాయి. లేకపోతే లేదు."

బిసేసర్ కాయితం తీసుకుని చదివాడు. 'అనువాదకుడు బిసేసర్ యొక్క అజ్ఞానము వలన సంభవించిన దోషమునకు...' అక్కడే ఆగిపోయాడు.  పదకొండు వారాలు రాని పేరు ఇక్కడ వచ్చింది, అదీ అజ్ఞానం పక్కన.

"ఇది నేను చదవను."

"చదవకపోతే..."

"రామ్‌ధనీ ఊరుకుంటే? వాడికేం గొడవ లేదంటే? అప్పుడు వేస్తారా ఆ రెండు భాగాలు?"

సత్యానంద్ నవ్వాడు. "ముఠా సర్దారు ఊరుకుంటాడా? ఊరుకున్నప్పుడు చూద్దాంలే."

ఆదివారం బిసేసర్ బజారులో గ్రోగు కలుపుకుని తాగే యంగోనా వేళ్ళు మంచివి ఏరి ఒక కట్ట కొన్నాడు. క్షమించమని వెళ్ళేవాడు ఇక్కడ చేతిలో పట్టుకెళ్ళేది అదే. ఫూల్‌మతి చీర మార్చుకుంటూ నిలదీసింది.

"తప్పు చేయలేదంటావు. మళ్ళీ గ్రోగు పట్టుకుని క్షమించమని పోతానంటావు. ఏదో ఒకటి చెప్పవయ్యా."

"రాసినదానికి కాదు వెళ్ళేది. బతికున్న మనిషి ముంగిట్లో పరాయివాళ్ళు చావు బెంచీలు దించారు. దానికి."

"ఆ ముక్క వాళ్ళకి అర్థమవుతుందా?"

"అర్థమయ్యేలా చెప్పడం తప్ప ఇంకేం చేస్తున్నాను ఇరవై రెండేళ్ళ నించీ," అని విసుక్కున్నాడు.

రామ్‌ధనీ ముంగిట్లో చాప మీద ముఠా మనుషులు ఐదారుగురు కూర్చుని ఉన్నారు. మధ్యలో గ్రోగు కలిపే కొయ్యతొట్టి. బిసేసర్ చెప్పులు విడిచి, కట్ట రామ్‌ధనీ ముందు పెట్టి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. రామ్‌ధనీ దాన్ని ముట్టుకోలేదు.

"ఎవరయ్యా వచ్చింది? మా అమ్మకి పాడె కట్టిన పంతులుగారా?"

ముఠా నవ్వింది.

"రామ్‌ధనీ అన్నా, నీ ముంగిట్లో ఆ రోజు జరిగినదానికి వచ్చాను. ఆజీకి కష్టం కలిగితే..."

"కష్టమా? మా తమ్ముడు సువా నించి విమానం టిక్కెట్టు కొనేశాడయ్యా! దుకాణం వాడు మా ఆవిడకి తెల్లబట్ట కొలిచి ఇచ్చాడు. వెనక ఎవరూ లేరట! నలుగురం కొడుకులం, పదకొండు మంది మనవలు. చావు ప్రకటనలో చుట్టాల లిస్టు చదువుతారు కదా, ఒక్క పేరు ఎత్తావా అందులో? మా పెద్దనాన్న పోయినప్పుడు లిస్టులో మా మూడో బావ పేరు మర్చిపోతే పదేళ్ళు మా గడప తొక్కలేదు. నువ్వు అందర్నీ ఒక్కసారే కొట్టేశావు!"

"అది కథలో ముసలామె అన్నా. ఆమెకి కొడుకుల్లేరు."

"కథలో ముసలామెకి మా అమ్మ పేరెందుకు?"

 ఈ పేరు గల మనిషి బతికి లేదనుకున్నాను అని బిసేసర్ ఎలా చెబుతాడు?

వసారాలోంచి కందికాయల చేట పక్కకి జరిపిన చప్పుడయింది. "ఆ పేరు నాలుగో భాగం నించీ వస్తోందిరా," అంది ఆజీ. "నీకు చెప్పాను. రేడియోలో నా పేరు చెబుతున్నార్రా అని చెప్పాను. నువ్వు రొట్టె నములుతూ ఆఁ అన్నావు."

"అమ్మా, నువ్వూరుకో."

"ఎందుకూరుకుంటాను? చచ్చింది నేను. నీకేంటి మధ్యలో?" ఆజీ మెట్టు దిగి వచ్చి చాప అంచున కూలబడింది. "డెబ్భై మంది వచ్చారు. లెక్కపెట్టాను. ఆ బెంచీల లారీవాడెవడో ముక్కూ మొహం తెలీదు, నన్ను చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుని కాళ్ళకి దణ్ణం పెట్టాడు. మా ఆడపడుచు కొడుకు మాత్రం రాలేదు. వాడి పెళ్ళికి తెల్లార్లూ పూరీలు వత్తానురా నేను! ఎదురింటి వాడూ రాలేదు, వాడికి తీరిక లేదట, టీవీలో రగ్బీ ఉందట. ఇప్పుడు తెలిసింది ఎవడు ఏంటో. నిజంగా చచ్చాక తెలుస్తుందా ఇది?"

ముఠా వాళ్ళలో ఒకడు నవ్వబోయి రామ్‌ధనీ మొహం చూసి ఆగాడు.

ఆజీ బిసేసర్ వైపు తిరిగింది. "నువ్వేనా రాసేది? నేను ఆ రేడియోలో చదివేవాడే రాస్తున్నాడనుకున్నాను."

"నేనే ఆజీ. రాసింది ఇంకొకాయన, ఇంగ్లిషులో. మన మాటలోకి మార్చేది నేను."

"ఓడలో అందరూ గాల్లో తేలారు చూడూ, చెరకుపూత గాలికి లేచినట్టు అన్నావు. అది ఆయన రాశాడా, నువ్వు రాశావా?"

బిసేసర్ చాప మీద ముందుకి జరిగాడు. ఇరవై రెండేళ్ళలో ఆ ప్రశ్న అడిగినవాళ్ళు లేరు. "ఆయన మంచు అన్నాడు. మనకి మంచు ఎక్కడిది ఆజీ?"

"బావుంది. సరే, నేను పోయాక ఓడేమైంది? దిగిందా?"

చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. చెబితే అయిపోతుంది. ఎవరికో ఒకరికి అందుతుంది. కానీ పన్నెండో భాగం మూడుసార్లు తిరగరాశాడు. దాన్ని చాప మీద కూర్చుని దిగింది, దిగలేదు అని చెప్పడానికి రాయలేదు.

"రేడియోలో వస్తుంది ఆజీ. వేయిస్తాను."

రామ్‌ధనీ తల్లిని చూశాడు, కట్టని చూశాడు. చివరికి కట్ట రెండు చేతుల్తో తీసుకుని పుచ్చుకున్నట్టు గుర్తుగా మూడుసార్లు చప్పట్లు చరిచాడు. అందరూ చరిచారు. కొబ్బరిచిప్పల్లో గ్రోగు చేతులు మారింది. గ్రోగు తాగేశాక ఇక ఆ మాట ఎత్తకూడదు, అది ఇక్కడి కట్టుబాటు. రామ్‌ధనీ మనవడి లెక్కల పుస్తకంలోంచి కాయితం చింపి, మాకు ఎవరి మీదా ఏ గొడవా లేదని తనే రాసిచ్చాడు. ఇస్తూ, "ఈసారి ముసలాళ్ళకి మీ ఇంట్లోవాళ్ళ పేర్లు పెట్టుకో," అన్నాడు.

సోమవారం పొద్దున్నే బిసేసర్ ఆ చీటీ తీసుకెళ్ళి సత్యానంద్ బల్ల మీద పెట్టాడు. సత్యానంద్ దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని చదివి, సొరుగులో వేశాడు.

"సంతోషం. అయితే ఆ అరగంట ఇప్పుడు ఖాళీ లేదు. టైర్ల షాపు వాళ్ళకి ఇచ్చేశాం, సినిమా పాటలు. సువాలో పెద్దాఫీసు నించి సంతకం కూడా వచ్చేసింది."

"ఎప్పుడిచ్చారు?"

"పోయిన మంగళవారం."

పోయిన మంగళవారం. అంటే ఈ కుర్చీలో కూర్చోబెట్టి అజ్ఞానం కాయితం చేతికిచ్చిన బుధవారానికి ముందే. ఆ కాయితం చదివినా మిగతా భాగాలు వచ్చేవి కావు. క్షమాపణ అతని నోటితో చెప్పించి, పాటలు వేసుకునేవాళ్ళు.

"సువాకి ఏం రాశారు?"

"ఉన్నదే రాశాను. అనువాదకుడు మూలంలో లేనిది చొప్పించాడు, మాకు తెలియనివ్వలేదు అని."

బిసేసర్ లేచాడు. కుర్చీ వెనక్కి పడింది.

"తెలియనివ్వలేదా? నోటుబుక్కు వారం ముందే నీ సొరుగులో పెట్టాను. వారం! ఒక్కసారి తెరిచావా? తెరిస్తే మైకు ముందు కూర్చున్నాకే తెరిచావు. నీ నోటిలోంచి అది వస్తున్నప్పుడే నీకూ మొదటిసారి తెలిసింది. రోజూ చదివే చావుల్లో ఇదీ ఒకటని అదే గొంతుతో లాగించేశావు. నేను ఒక్కో పుస్తకం మూడుసార్లు చదువుతాను. ఏం జరిగిందో తెలుసుకోవడానికి ఒకసారి, మనకి మాట లేనిచోట్లు గుర్తుపెట్టుకోవడానికి ఒకసారి, పైకి ఒకసారి. గాల్లో తేలడం ఎలా ఉంటుందో తెలియక సముద్రంలో మునకలేసి పొట్టపోసుకునేవాళ్ళ వెంట నెల తిరిగాను. నువ్వు ఒక్కసారి చదవలేదు. చదవనివాడివి నాకు అజ్ఞానమని రాస్తావా?"

"గొంతు తగ్గించు. నేను ఢిల్లీలో ఎమ్మే చేశాను. ఆరో తరగతివాడు నాకు చదవడం నేర్పనక్కర్లేదు."

"నేర్పాలి," అన్నాడు బిసేసర్.  బయటికొచ్చి ఎండలో నిలబడ్డాడు. 

అంతకుముందు గురువారం, ఈ వారం ఓడ లేదని చెప్పి భజనలతో సరిపెట్టారు. ఈ గురువారం ఓడ బదులు టైర్ల షాపు పాటలొచ్చాయి. శుక్రవారం నించీ ఊరు మీద పడింది. రేవు బస్సు నడిపే కాసిం రోడ్డు మధ్యలో బ్రేకు వేసి అడిగాడు. "బిసేసర్ అన్నా, ఓడ దిగిందా లేదా? ఒక్క మాట చెప్పు, బండి తీస్తా."

"స్టేషన్‌కి వెళ్ళి అడుగు."

"నువ్వు రాసినవాడివి కదన్నా."

"నా పేరు ఎప్పుడైనా విన్నావా అందులో? విన్న పేరు దగ్గరికి పో."

బజారులో గడ్డలమ్మే ఆవిడ అడిగింది. మిల్లు ఫిట్టరు అడిగాడు. పక్కింటి ఆమె ఫూల్‌మతికి బుట్టెడు వంకాయలు తెచ్చి నెమ్మదిగా కూపీ లాగింది. ఫూల్‌మతి వంకాయలు తీసుకుంది, కథ చెప్పలేదు. అందరికీ ఒకటే జవాబు, స్టేషన్‌కి వెళ్ళండి.  చెప్పాలనే కదా బిసేసర్ జీవితమంతా రాసింది. అడిగినవాణ్ణి వెనక్కి పంపడం, ఆకలని వచ్చినవాడి ముందు తలుపు వేసినట్టుండేది.  అయినా చెప్పలేదు.

మంగళవారం పదింటికి కాసిం బస్సులోంచి లఖ్‌పతియా ఆజీ గొడుగుతో దిగి స్టేషన్లోకి నడిచి, గుమాస్తా ఎదుట బెంచీ మీద కూర్చుంది. ఏం కావాలని అడిగితే, "మీ రేడియోలో చచ్చిపోయాను. తర్వాత ఏమైందో వినడానికొచ్చాను," అంది. మధ్యాహ్నం రొట్టె, వంకాయ పచ్చడి మూట విప్పి తిని, సాయంత్రం బస్సుకి వెళ్ళిపోయింది. బుధవారం మళ్ళీ వచ్చింది. ఈసారి ఇద్దరు ముసలాళ్ళు తోడు. గురువారానికి బెంచీ చాల్లేదు. కాసిం తన బస్సులోంచి సీటు ఊడదీసి తెచ్చి వేశాడు. ఆ అరగంట కొనుక్కున్న టైర్ల షాపు యజమాని తల్లి కూడా వచ్చి కూర్చుందని తెలిశాక, బిసేసర్‌ని తీసుకురమ్మని రేవుకి స్టేషన్ వ్యాన్ పంపారు.

బిసేసర్ మోకుల జిడ్డు చేతులతోనే స్టేషన్ ముందు దిగాడు. చంకలో నోటుబుక్కు ఉంది. సత్యానంద్ గుమ్మంలోనే ఎదురొచ్చాడు.

"వీళ్ళని తీసుకుపో. ఓడేమైందో రెండు ముక్కల్లో చెప్పి పంపించెయ్యి."

"రెండు ముక్కల్లో అవదు."

"ఒక్క ముక్కని పేజీన్నర చేసినవాడివి, నీకేం అవుతుందిలే. సరే, రేపు సాయంత్రం పావుగంట ఇస్తాను. రెండు భాగాలూ కుదించి..."

"రెండు అరగంటలు," అంది ఆజీ బెంచీ మీంచే. "రేపొకటి, ఎల్లుండొకటి. నాకు తొందర లేదు."

"అయితే ఇతన్నే చదవమనండి," అన్నాడు సత్యానంద్ విసుగ్గా. "నాకెందుకీ గోల?"

ఆజీ బిసేసర్‌ని ఎగాదిగా చూసింది. "వద్దు. ఇతని గొంతు బాగోలేదు. నన్ను చంపిన గొంతే కావాలి."

బెంచీ మీది ముసలాళ్ళందరూ అదే నిజమని తలలూపారు. బిసేసర్‌కి ఛెళ్ళున కొట్టినట్టయింది. ఇంత చేసినా చివరికి వీడి గొంతే. ఒక్కక్షణం నోటుబుక్కు తీసుకుని వెళ్ళిపోదామనిపించింది. కనీసం పేరైనా చెప్పమని అడుగుదామనీ అనిపించింది. అడిగితే ఇప్పుడు చెబుతాడు కూడా. వీడి దగ్గర అడిగి తీసుకోబుద్ధి కాలేదు.

నోటుబుక్కు తెరిచి సత్యానంద్ చేతిలో పెట్టాడు.

"చదువు."

"రేపు చదువుతాను కదా."

"రేపు మైకులో. ఇప్పుడు ఇక్కడ. నా ముందు, వీళ్ళ ముందు. చివరిదాకా చదివాకే లోపలికి తీసుకెళ్ళు."

సత్యానంద్ చుట్టూ చూశాడు. గుమాస్తా తల దించుకున్నాడు. టైర్ల షాపు యజమాని తల్లి కళ్ళజోడు సర్దుకుంది. కాసిం సీటు మీద కాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు, బస్సు టైం దాటిపోయినా కదల్లేదు. సత్యానంద్ గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. తన మామూలు గొంతే, నెమ్మదిగా, బరువుగా, ఒకే తీరుగా. నాలుగు వాక్యాలు దాటాడో లేదో బిసేసర్ పేజీ మీద జిడ్డు వేలు పెట్టి ఆపాడు.

"ఇక్కడ పిల్ల మొదటిసారి మట్టిని ముట్టుకుంటోంది. నువ్వు చావులిస్టు చదువుతున్నావు. మళ్ళీ."

"ఏంటి మళ్ళీ?"

"మళ్ళీ చదువు. మొదట్నించి."